మెదడుకు జాబ్ కార్డు

సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళకు మెదడంటే మహా గౌరవమని లోకంలో ఒక నమ్మకం ఉంది. నాలుగు కథలు వరసగా చదివితే చాలు, ఆ నమ్మకం దిగిపోతుంది. ఆ సాహిత్యంలో మెదడు పడినంత వెట్టిచాకిరీ మరే అవయవమూ పడలేదు. 1931లో లవ్‌క్రాఫ్ట్ మెదళ్ళను లోహపు డబ్బాల్లో బిగించి ప్లూటో దాకా పార్సిలు చేయించాడు. ఆన్ మెకాఫ్రీ 1961లో మొదలుపెట్టిన కథల్లో అది అంతరిక్ష నౌకకు డ్రైవరు. విలియం గిబ్సన్ 1981లో దాన్ని గోదాము చేశాడు: ఎవరి సరుకో తలలో నింపుకుని మోసుకెళ్ళాలి, అందులో ఏముందో మోసేవాడికే తెలియదు. 1995లో ఆ కథను సినిమా తీసినప్పుడు గోదాము కొలత ఎనభై జీబీ అన్నారు. ఇవాళ బస్టాండులో పాటలు వింటూ కూర్చున్న కుర్రాడి ఫోనులో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఇక 1985లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా మెదడును జాంబీలకు భోజనంగా వడ్డించింది. పార్సిలు, డ్రైవరు, గోదాము, భోజనం. ఆలోచించడమనే పని ఈ పట్టికలో ఎక్కడా లేదు. కూలిపని మాటకొస్తే, జాతీయ ఉపాధి హామీ పథకాన్ని అనంతపురం జిల్లా బండ్లపల్లి నుంచే 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించారు. ఆ రోజు నుంచి గునపం పట్టిన కూలీకైనా ఒక జాబ్ కార్డు, ఒక మస్టరు ఉన్నాయి. ఈ కథల్లోని మెదళ్ళకు ఆ పాటి దిక్కు కూడా లేదు.

ఇది రచయితల కఠినత్వం అనుకుంటే పొరపాటు. మెదడును ఒంటి నుంచి వేరు చేశాక దానికి కూలిపని తప్ప మరో పని చెప్పలేరు. ఆలోచించడానికి దానికి అవసరమే మిగలదు. నేను వాదించబోయేది ఇంతే. దీన్ని తేల్చడానికి న్యూయార్కు, టోక్యోల కంటే నల్లమాడ మంచి చోటు. కదిరికీ పుట్టపర్తికీ నడుమ, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మండలంలో నేల ఎర్రది, పంట చెనిక్కాయ, ఏడాదికి కురిసే వాన ఉమ్మడి అనంతపురం సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా కురవాల్సిన నెలలో కురుస్తుందన్న హామీ లేదు. ఇలాంటి చోట కొత్త యంత్రం ఏది వచ్చినా దాని గొప్పతనం ఎవరూ ముందుగా అడగరు. కరెంటెంత, నీళ్ళెంత అని అడుగుతారు. సైన్స్ ఫిక్షన్‌ను ఈ రెండు ప్రశ్నలు ఇంతవరకూ ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు.

అడగాలంటే ముందు స్పాక్ దగ్గరికి వెళ్ళాలి. అమెరికా టీవీ ధారావాహిక స్టార్ ట్రెక్ మూడో సీజను 1968 సెప్టెంబరు 20న ఒక మహత్తర ఘట్టంతో మొదలైంది. విశ్వంలోనే అతి తార్కికుడైన స్పాక్ మెదడును ఒక గ్రహం నుంచి వచ్చిన స్త్రీ ఒలుచుకుపోతుంది. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు తెలిసేదేమిటంటే, ఆ గ్రహంలో భూగర్భ నగరం ఒకటుంది, అక్కడి గాలి, వేడి, నీళ్ళ శుద్ధి చూసుకోవడానికి ఒక మెదడు కావలసి వచ్చింది. అంటే వాటర్ వర్క్స్ ఉద్యోగం. ఇంతలో మెదడు లేని స్పాక్ ఒంటిని రిమోటుతో నడిపిస్తూ వెంట తిప్పుతుంటారు. చివర్లో డాక్టరు మెదడును తిరిగి అమరుస్తుంటే సగం ఆపరేషన్లో స్పాక్ మేలుకుని, తర్వాత ఏ నరం ఎక్కడ కలపాలో తానే సలహా చెబుతాడు. ఆ ధారావాహిక అభిమానులే దీన్ని అన్నిటికంటే చెత్త భాగాల్లో ఒకటని ఏకగ్రీవంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఒక నిజాయితీ కనపడుతుంది. మిగతా కథలు దాచుకున్న సంగతి అది దాచుకోలేదు. సీసాలో పెట్టిన మెదడుకు మీరిచ్చే అత్యున్నత పదవి పంపు ఆపరేటరే.

సరే, పదవి ఖాయమైంది కాబట్టి ఆ మెదడును నల్లమాడకే రప్పిద్దాం. ఇక్కడ బోర్లకు కొదవ లేదు, వెయ్యి అడుగులు దించినా చుక్క పడని బోర్లకు అసలే కొదవ లేదు. మొదటి ప్రశ్న కరెంటు. మెదడు బరువు కిలోన్నరకు కాస్త తక్కువ, ఒంటి బరువులో రెండు శాతం. తినేది మాత్రం ఒంటి శక్తిలో ఇరవై శాతం. అంత తిన్నా వాట్లలో చెబితే సుమారు ఇరవై, ఒక ఎల్‌ఈడీ ట్యూబులైటు పాటి. పక్కనే అయిదు హార్సుపవరు మోటారు మూడువేల ఏడువందల వాట్లు లాగుతుంటుంది కాబట్టి ఇది చాలా పొదుపైన సరుకని ఎవరైనా మోజు పడవచ్చు. చిక్కు పరిమాణంలో లేదు, వేళల్లో ఉంది. 2004లో మొదలైన వ్యవసాయ ఉచిత విద్యుత్తు ఇప్పటి లెక్కన పగటిపూట తొమ్మిది గంటలు. మెదడుకు రక్తం ఆగితే పది సెకన్లలో స్పృహ పోతుంది, నాలుగైదు నిమిషాల్లో కణాలు చెడడం మొదలవుతుంది. లైన్‌మన్ ఫ్యూజు వేయడానికి స్తంభం ఎక్కేలోగా మన ఆపరేటరు కర్మకాండకు సిద్ధమవుతాడు. రచయితలు సీసా గురించి రాస్తారు, సీసాలోని బుడగల గురించి రాస్తారు, లైట్లు మిణుకుమిణుకుమనడం గురించి తప్పకుండా రాస్తారు. ఆ సీసాకు జనరేటరు ఉందా, డీజిలు ఎవరు పోస్తున్నారు అన్న ఒక్క వాక్యం ఎక్కడా తగలదు.

రెండో ప్రశ్న నీళ్ళు. అసలు విషయం ఇక్కడే ఉంది. మెదడులో నాలుగింట మూడు వంతులు నీరే. నిమిషానికి ముప్పావు లీటరు రక్తం దాని గుండా పోతుంది. రోజుకు కూడితే వెయ్యి లీటర్ల పైమాటే. ఆ వెయ్యి లీటర్లకూ వాడేది ఒంట్లో ఉన్న అయిదు లీటర్లనే, మళ్ళీ మళ్ళీ తిప్పి. నీటి పొదుపు మీద ఉపన్యాసాలిచ్చే ఏ సంస్థా ఇంతవరకూ దీన్ని ఆదర్శంగా చూపలేదు ఎందుకో. ఇంకా ముచ్చటైన సంగతి, మెదడు అడుగున హైపోథాలమస్ ప్రాంతంలో కొన్ని కణాలకు కాపలా ఉద్యోగం. రక్తంలో ఉప్పు గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, అవి పసిగట్టి గోల చేస్తాయి. దాహం అంటే ఆ గోలే. ఇప్పుడు సీసాలోని మెదడును చూడండి. చుట్టూ ఎప్పుడూ ఒకే పాళ్ళలో కలిపిన ద్రవం. ఉప్పు పెరగదు, తరగదు. కాపలా కణాలకు జీవితాంతం సెలవు. అంటే నల్లమాడ మండలం మొత్తం మీద దాహమెరుగని ఏకైక నివాసి మన సీసాలోని పెద్దమనిషి, మనం నీళ్ళ బాధ్యత అప్పగించింది ఆయనకే.

దాహం లేనంత మాత్రాన ఆలోచన ఉండదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు సముద్రంలో ఒక జీవి దగ్గరుంది. అసిడియన్ అని, ఇంగ్లీషువాళ్ళు సీ స్క్విర్ట్ అంటారు. పుట్టినప్పుడు తోకకప్ప పిల్లలా ఈదుతూ తిరుగుతుంది. అప్పుడు దానికి దారి చూసుకోవడానికి చిన్న మెదడు లాంటి నరాల ముడి ఉంటుంది. నచ్చిన బండ దొరకగానే తల ఆనించి అక్కడే అతుక్కుపోతుంది. ఇక తిరగాల్సిన పని లేదు కనక ఆ నరాల ముడిలో చాలా భాగాన్ని అరిగించుకుంటుంది. మన ఇళ్ళల్లో పిల్లవాడు సెటిలయ్యాడని చెప్పుకుని సంతోషించేటప్పుడు ఈ జీవిని ఒక్కసారి తలుచుకోవడం మంచిది. ప్రకృతి లెక్కలో మెదడు కదలికకోసం, వెతుకులాటకోసం, ఆకలిదప్పుల కోసం ఏర్పడ్డ సాధనం. అవి పోతే అది దండగ ఖర్చు. మెదడు మన బుక్కపట్నం చెరువులాంటిది. కొలతలు తీసుకుంటే కట్టకు లోపలున్నంత వరకే చెరువు. కానీ పైనున్న ఏరు, వంకలు, వాటి వెనక కొండవాలు అన్నీ కలిస్తేనే అందులో నీళ్ళు. వంకలన్నీ కోసేసి చెరువును మాత్రం ఎత్తుకుపోతానన్నవాడికి దక్కేది ఒక గొయ్యి. సైన్స్ ఫిక్షన్ ఎనభై తొంభై ఏళ్ళుగా ఆ గొయ్యిని సీసాలో పోసి చూపిస్తోంది.

ఇందుకు సాక్ష్యం ఆ సాహిత్యంలోనే ఉంది. మెదడు కథల్లో గుర్తుండిపోయినవి ఏవో చూడండి, ప్రతిదానిలోనూ రచయిత దొంగచాటుగా కాస్త ఒళ్ళు మిగుల్చుకున్నాడు. కర్ట్ సియోడ్‌మాక్ 1942 నవలలో డోనవాన్ అనే కోటీశ్వరుడు చనిపోతే డాక్టరు మెదడును తొట్టిలో బతికిస్తాడు. తొట్టిలో ఉన్నంతసేపు దానికి కథ లేదు. డాక్టరు ఒంటిని లొంగదీసుకుని, అతని చేత్తో సంతకాలు పెట్టడం మొదలుపెట్టాకే కథ నడుస్తుంది. చచ్చినా కోటీశ్వరుడికి చెక్కుపుస్తకం మీద సంతకం పెట్టే చెయ్యి కావాలన్నది, నా ఉద్దేశంలో, ఈ సాహిత్యంలోకెల్లా వాస్తవిక పరిశీలన. రోల్డ్ డాల్ 1960లో అచ్చయిన కథలో ఇంకా గడుసుగా ఒక కన్ను మాత్రం వదిలాడు. విలియం అనే తత్వవేత్త, బతికినన్నాళ్ళూ భార్యను సిగరెట్టు ముట్టనివ్వని మనిషి, ఇప్పుడు గిన్నెలో మెదడుగా, తేలే ఒక కన్నుతో ఉన్నాడు. ఆవిడ వచ్చి చూసి, సిగరెట్టు వెలిగించి ఆ కంటి ఎదుట పొగ వదులుతుంది. కన్ను మండిపడుతుంది, అంతకు మించి ఏమీ చేయలేదు. ఆయన్ను ఇంటికి తీసుకుపోతానని ఆవిడ పట్టుబడుతుంది. దాంపత్యం గురించి ఇన్ని పేజీల్లో ఇంత చెప్పిన కథలు తక్కువ. ఆ కన్నే గనక లేకపోతే కథ లేదు. కోపం రావడానికైనా ఒక కిటికీ కావాలి కదా.

మన తెలుగువాళ్ళు ఈ రంగంలో ఏం సాధించారు అనే ప్రశ్నకు సిగ్గుపడకుండా జవాబు చెప్పవచ్చు. 2019 జులై 18న విడుదలైన ఇస్మార్ట్ శంకర్‌లో పూరి జగన్నాథ్ మెదడును పెన్‌డ్రైవు చేశారు. చనిపోయిన సీబీఐ అధికారి అరుణ్ జ్ఞాపకాలను పాతబస్తీ రౌడీ శంకర్ తలలోకి ఎక్కిస్తారు. కేసు తేలాలి, సాక్షి చచ్చిపోయాడు, కాబట్టి సాక్షిని కాపీ చేసి ముద్దాయి బుర్రలో పేస్టు చేశారు. న్యూరోసైన్సు పరీక్షలో ఈ కథకు సున్నా వేసే అధ్యాపకుడితో నేను తగవు పడను. కానీ ఒక మార్కు కలపమని అడుగుతాను. ఎందుకంటే ఆ సినిమాలో ఒళ్ళు ఓడిపోలేదు. అరుణ్ జ్ఞాపకాలు వచ్చి పోతుంటాయి గానీ నడక శంకర్‌దే, నోరు శంకర్‌దే, డ్యాన్సు అచ్చంగా శంకర్‌దే. ఎంత పెద్ద అధికారి బుర్ర ఎక్కించినా రౌడీ కాళ్ళు వాటి పని అవి చేస్తాయి. హాలీవుడ్ పండితులు ఎనభై ఏళ్ళు తప్పిన సంగతిని మాస్ మసాలా సినిమా పాటల మధ్యలో పట్టేసింది.

2024 ఆగస్టు 15న వచ్చిన డబుల్ ఇస్మార్ట్‌లో మాత్రం ఈ తెలివి కాస్త సన్నగిల్లింది. బిగ్‌బుల్ అనే విలన్‌కు మెదడులో కణితి, బతికేది కొద్ది నెలలే. తన జ్ఞాపకాలను శంకర్ తలలోకి ఎక్కిస్తే చావు తప్పుతుందని అతని పథకం. ఇందులో కిటుకు నల్లమాడలో ఎనిమిదో తరగతి పిల్లవాడైనా పట్టేస్తాడు. ఫోటో జిరాక్సు తీయించినంత మాత్రాన అసలు కాగితానికి పట్టిన చెద వదలదు. కాపీ అయ్యాక మంచం మీద ఉన్న బిగ్‌బుల్ తన కణితితో తాను పోతాడు. మిగిలేది అతని ఇష్టాయిష్టాలు, పగలు, లెక్కలు గుర్తున్న మరో మనిషి. ఆ ఏర్పాటు మన ఊళ్ళల్లో ఎప్పట్నుంచో ఉంది, దాన్ని దత్తత అంటారు, తల కోయనక్కర్లేదు. ఇక ఎక్కించడం సాధ్యమా అంటే, 2024 మే నెలలో హార్వర్డ్, గూగుల్ శాస్త్రజ్ఞులు మనిషి మెదడులో ఒక ఘనపు మిల్లీమీటరు ముక్కను, అంటే రాగి గింజ పాటిదాన్ని, పూర్తిగా చిత్రించి ప్రకటించారు. ఆ గింజకే పధ్నాలుగు లక్షల జీబీ అయింది. అరవైనాలుగు జీబీ పెన్‌డ్రైవులయితే దాదాపు ఇరవైరెండు వేలు. తల మొత్తానికి అలాంటి గింజలు పన్నెండు లక్షల పైచిలుకు. పైగా అది బొమ్మ మాత్రమే. మూడువందల రెండు నరకణాలున్న చిన్న పురుగు మెదడు పటం 1986లోనే గీశారు. ఆ పటం చేతిలో ఉన్నా పురుగు తర్వాత ఏం చేస్తుందో ఇవాళ్టికీ పూర్తిగా చెప్పలేకపోతున్నారు. బిగ్‌బుల్‌కున్న ఎనభై ఆరు వందల కోట్ల కణాల సంగతి ఇంటర్వెల్ లోగా తేల్చడం కష్టం.

జాంబీల సంగతి ఎక్కువ చెప్పను. 1968లో జార్జి రొమేరో తీసిన సినిమాలో వాళ్ళు మాంసమే తినేవాళ్ళు. మెదడు మీద ప్రత్యేకమైన మక్కువ పైన చెప్పిన 1985 సినిమాతో వచ్చింది, అందులో చచ్చిన నొప్పి తగ్గడానికి తింటామని ఒక శవమే స్వయంగా వాంగ్మూలం ఇచ్చింది. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ జాంబీ రెడ్డితో వాళ్ళను రాయలసీమకు తీసుకొచ్చి ఫ్యాక్షన్ మధ్యలో దింపాడు. వేటకొడవళ్ళు ముందే ఉన్న ఊళ్ళో దిగడం ఆ జీవుల దురదృష్టం. భోజనంగా మెదడు వాడకానికి నాకు పెద్ద అభ్యంతరం లేదు, సంగటి పక్కన పొట్టేలు తలకాయ కూర పెట్టే సీమలో అభ్యంతరం చెబితే వినేదెవరు? లెక్క సరిపోయే ఒకే ఒక వాడకం ఇదే కావచ్చు. కొవ్వు మాత్రం చూసుకోవాలి.

ఇక అభ్యంతరాలు. మొదటిది అందరూ అనేది: కథను కథగా చూడక కరెంటు బిల్లు అడుగుతావేమిటి? అడుగుతాను. మన పాత కథలు అంతకంటే అసాధ్యమైనవి చెప్పి కూడా ఈ లెక్క తప్పలేదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. 1942లో జెమినీవాళ్ళ సినిమాతో అది ఇంటింటికీ తెలిసింది. దూరాన బ్యాకప్పు దాచుకోవడం అంటే ఇదే. ఆ కథ చెప్పిన అవ్వ ప్రాణాన్ని సీసాలో పెట్టలేదు, రాయిలో పెట్టలేదు, తిని తాగి అరిచే ప్రాణి ఒంట్లో పెట్టింది. దాని రెక్క విరిస్తే వీడి చెయ్యి విరుగుతుంది. ఒళ్ళు లేని ప్రాణం ఆవిడ ఊహకు కూడా అందలేదు, అందకపోవడమే ఆవిడ తెలివి. బేతాళ కథల్లో తలలు తారుమారైన కథ ఇంకో సాక్ష్యం. గుడిలో ఇద్దరు తలలు నరుక్కుంటే, అమ్మవారి వరంతో అతికించబోయిన భార్య కంగారులో ఒకరి తల మరొకరి మొండేనికి పెడుతుంది. ఎవరు మొగుడు అని బేతాళుడు అడిగితే, తలే ముఖ్యం కనక తల ఉన్నవాడే అని విక్రమార్కుడు తేల్చేస్తాడు. ఈ ఒక్కచోట రాజు తొందరపడ్డాడని నా అభిప్రాయం. అయినా ఆ కథ శస్త్రచికిత్స అద్భుతం దగ్గర ఆగిపోకుండా, మర్నాడు పొద్దున ఇంట్లో ఎవరికి అన్నం పెట్టాలి అన్న చిక్కు దాకా వెళ్ళింది. శంకర్ తలలో అరుణ్ చేరాక వేలిముద్ర ఎవరిది, ఆధార్ ఎవరిది, అరుణ్ పింఛను ఎవరికి రావాలి అని మన సినిమా అడగలేదు.

విక్రమార్కుడి తీర్పు తొందరపాటని ఎందుకన్నానో చెప్పాలి. 1970 మార్చిలో అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో రాబర్ట్ వైట్ అనే సర్జన్ ఒక కోతి తలను మరో కోతి మొండేనికి నిజంగానే అతికించాడు. మెలకువ వచ్చాక ఆ తల చూసింది, విన్నది, దగ్గరికొచ్చిన వేలిని కొరకబోయింది. వెన్నుపాము తెగిపోయింది కాబట్టి కొత్త ఒళ్ళు దాని మాట వినలేదు. కొద్ది రోజుల్లో చనిపోయింది. తల గెలిచిందని విక్రమార్కుడి తరఫువాళ్ళు అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ తలకు మిగిలిన ఒకే ఒక ఆలోచన కొరకడం అని కనపడుతుంది. ఆ పరిస్థితిలో అది చాలా సహేతుకమైన ఆలోచన కూడా.

రెండో అభ్యంతరం గట్టిది. సైన్సు ఇవాళ ఈ కథలనే నిజం చేస్తోంది కదా, మెదడులో చిప్పులు పెడుతున్నారు, నువ్వేమో చెరువు, వంక అంటావు అని. చిప్పులు పెడుతున్న మాట నిజం. అవి ఏం పని చేస్తున్నాయో చూడండి. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి మనసులో అనుకుంటే తెర మీద బాణం గుర్తు కదులుతోంది, చదరంగం పావు జరుగుతోంది. తెగిపోయిన వంకను తిరిగి చెరువులో కలపడానికే ఇంత శ్రమ. ఏ ఆస్పత్రిలోనూ, ఈ ఒళ్ళు బరువైపోయింది మెదడొక్కటీ తీసి దాచండి అని ఎవరూ క్యూ కట్టలేదు. పుట్టపర్తి ట్రస్టువాళ్ళు 2001లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో తెరిచిన ఆస్పత్రిలో మెదడు ఆపరేషన్లు డబ్బు తీసుకోకుండా చేస్తారు. అక్కడికి వెళ్ళే రోగి కోరిక మళ్ళీ నడవాలని, మాట తిరిగి రావాలని. ఒంటి నుంచి వేరైన మెదడు ఏమవుతుందో చూడాలనుకుంటే అదే బెంగళూరులో నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదళ్ళ బ్యాంకు ఉంది. డాక్టర్ ఎస్.కె.శంకర్ ఆధ్వర్యంలో కొన్ని వందలు సేకరించారు, దాని పక్కనే మ్యూజియంలో జనం చేత్తో పట్టుకుని చూడవచ్చు. సినిమా శంకర్ తలలోకి రెండో బుర్ర పట్టక నానా యాతన పడితే, ఈ శంకర్ గారు వందల బుర్రలను పెద్దగా శబ్దం చేయకుండా సర్దేశారు. వాటితో రోగాల సంగతులు తెలుస్తున్నాయి. ఆలోచనలు తెలియడం లేదు. మద్రాసు ఐఐటీవాళ్ళు 2024 డిసెంబరులో గర్భస్థ శిశువు మెదడును అయిదువేల పైచిలుకు పొరలుగా చిత్రించి ఆ పటానికి ధరణి అని పేరు పెట్టారు. గొప్ప పని. అదే పేరుతో భూరికార్డుల పోర్టల్ చూసిన తెలంగాణ పాఠకులు మాత్రం ఆ పేరు విని పట్టాదారు పాసుపుస్తకాలు పట్టుకుని బయలుదేరవద్దని మనవి.

ఐన్‌స్టీన్ సంగతి అందరికీ తెలిసిందే గానీ ఇక్కడ వదిలేస్తే సాక్షిని దాచినట్టవుతుంది. 1955 ఏప్రిల్ 18న ఆయన పోతే, శవపరీక్ష చేసిన థామస్ హార్వీ మెదడు తీసి రెండువందల నలభై ముక్కలు చేశాడు. ఇరవైమూడేళ్ళ తర్వాత ఒక విలేకరి వెతుక్కుంటూ పోతే అది ఆపిల్ రసం పెట్టెలో, గాజు సీసాల్లో బయటపడింది. సైన్స్ ఫిక్షన్ కలగన్న సరంజామా అంతా అక్కడుంది: మహామేధావి మెదడు, సీసా, ద్రవం. అన్నేళ్ళలో సాపేక్ష సిద్ధాంతానికి ఒక్క సవరణ కూడా వెలువడలేదు.

మూడో అభ్యంతరం ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. మెల్‌బోర్న్‌లో కార్టికల్ ల్యాబ్స్ అనే సంస్థ 2022లో ఎనిమిది లక్షల నరకణాలను గాజు పళ్ళెంలో పెంచి, వాటి చేత పాంగ్ అనే పాత వీడియో ఆట ఆడించింది. ఒళ్ళు లేకుండానే నేర్చుకున్నాయి కదా అంటారు. నేర్చుకున్నాయి, నేను కాదనను. కానీ ఎలా? బంతి ఎక్కడుందో విద్యుత్తు తాకిడితో తెలియజేశారు, అవి పంపిన సంకేతంతో బ్యాటు జరిగేటట్టు చేశారు, తప్పితే గందరగోళమైన తాకిడి, కొడితే పొందికైన తాకిడి ఇచ్చారు. కన్ను, చెయ్యి, చెంపదెబ్బ, శభాష్: నాలుగూ తయారుచేసి ఇచ్చాకే నేర్చుకున్నాయి. కొట్టేసిన ఒంటినే దొడ్డిదారిన మళ్ళీ కట్టుకొచ్చారు. 2025లో ఆ సంస్థ ఇలాంటి యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ధర సుమారు ముప్ఫయి లక్షల రూపాయలు, లోపలి కణాలు ఆరు నెలల దాకా బతుకుతాయి, వాటికి వేళకు పోషక ద్రవం పోస్తుండాలి. దాన్ని అమ్మేవాడు ఒకరోజు నల్లమాడ సెంటర్లో టీ కొట్టు బల్ల మీద పెట్టి, ఇది మనిషి మెదడు కణాలతో చేసిన యంత్రమని, ఆలోచించగలదని, భవిష్యత్తంతా దీనిదేనని అరగంట చెప్పాడనుకోండి. విన్నవాళ్ళు మర్యాదస్తులు, చివరిదాకా వింటారు. ఆరు నెలలంటే చెనిక్కాయ పంట ఒక్కటి దాటుతుందని, ముప్ఫయి లక్షలంటే ఎన్ని బోర్లో అని లోపల కూడికలు వేసుకుంటారు. ఆ తర్వాత ఎవరో ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి, “అదంతా సరేలేప్పా, నీళ్ళు యాడ పడతాయో సెప్తాదా?” అని అడుగుతాడు. అమ్మేవాడు కాసేపు ఆలోచించి, లేదు గానీ బంతాట ఆడుతుందని నిజం ఒప్పుకోవాల్సి వస్తుంది.